అల్లుడికి, కొట్టంలోని ఫోర్డు సంగతి

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌ల పంపిన ఫొటోలన్నీ పెద్దగ చేసి చూసిన. కర్ర చువ్వల చక్రాలు, స్టీరింగ్ కింద రెండు మీటలు, కాళ్ల కాడ మూడు పెడళ్లు. అది ఫోర్డ్ మోడల్ టి, అనుమానం లేదు. దెగ్లూర్ తుక్కు సేటు కిలోల లెక్కన అడిగిండని రాసినవ్. మీ నాయననేమో రంగు కొట్టించి, ఇంజిన్ తిప్పించి అమ్ముదామంటున్నడట. రెండూ వద్దు బిడ్డా. ఉన్నదాన్ని ఉన్నట్టే అమ్ము.

పాత బండి కొని బాగుచేసుకునేటోడు మొదట చూసేది ఎవరూ చెయ్యి పెట్టని భాగాలు. ఆ బండి బాడీకి లోపల కర్ర చట్రం, పైన రేకు. మీ నల్లరేగడి నేల మీద, ఆ కొట్టంల, చెదలు ఎక్కడిదాకా తిన్నయో ఆయన కండ్లతో చూసుకోవాలె. నువ్వు పుట్టీ పెట్టి రంగేస్తే లోపల ఏదో దాచినవనుకుని సగం ధరకు దిగుతడు. చట్టం కూడా అదే అంటది. 2021ల కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం బండికి 50 ఏండ్లు దాటాలె, అసలు రూపంల ఉండాలె. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లకు పెద్ద మార్పులు జరిగి ఉండొద్దు. అట్లున్న దానికే ‘వీఏ’ అక్షరాల నంబర్ వస్తది, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. ఊర్ల మెకానిక్ డీజిల్ ఇంజిన్ ఎక్కిస్తనంటే ఒప్పుకోకు.

హ్యాండిల్ అసలే తిప్పకు. ఎన్నేండ్లుగనో ఎండిన పిస్టన్లు గీసుకపోతయి. అది ఎనకకు తన్నిందంటే మణికట్టు విరుగుతది. ఆ రోజుల్ల డ్రైవర్లకు అది మామూలే. ప్లగ్గులు ఇప్పి సిలిండర్లల్ల కొంచెం ఆయిల్ పోసి ఊకో.

ఇంజిన్ ఎడమ పక్క, నీళ్ల గొట్టం కలిసే చోటుకు పైన నంబర్ ఉంటది. బట్టతోటి తుడువు, గీకకు, ఫొటో తియ్యి. ఛాసిస్ మీద నంబర్ దొరకలేదని పరేషాన్ కాకు. చానా మోడల్ టిలకు ఇంజిన్ నంబరే బండి నంబర్. ముందర ‘సి’ అక్షరం ఉంటే కెనడా ఫోర్డుది. కుడి స్టీరింగ్ బండ్లు మన దేశానికి ఎక్కువ అక్కడినుంచే వచ్చినయి.

ఇగ మీ ఇంట్ల వెతకాలె. కాయిల్ పెట్టె, దీపాలు, హారన్, సీటు కింది పనిముట్లు ఏ అటుకు మీద ఉన్నయో, మీ నాయనమ్మ దేనిల పప్పులు పోసిందో ఎవరికి తెలుసు! ఒక్క అసలు దీపం దొరికినా బేరం మారుతది.

ధర మీద మాత్రం పగటి కలలు కనకు. 1908 నుంచి 1927 దాకా ఫోర్డ్ కోటిన్నర మోడల్ టిలు చేసింది. విడిభాగాలు అమెరికాల ఇప్పటికీ కొత్తవి తయారైతున్నయి. అందుకే మీ బండి బతుకుతది, అందుకే కోట్లు కూడా పలకదు. ఇంకోటి, ‘ఇది నిజాం కారు’ అని ఎవరికీ చెప్పకు. తెలంగాణల ఏ పాత బండి కాడికి పోయినా అదే మాట. ఆరో నిజాం చెప్పి చేయించుకున్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌ల ఉంది. 1911ల ఆయన పోయినంక గాని అది చేతికి రాలేదు. 1947 నాటికి తిరిగింది 356 మైళ్లే. దానికి కాగితాలున్నయి. నీ కాడ మీ తాత మాటలున్నయి. అవి ‘మా ఇంట్ల ఇట్లనుకుంటరు’ అని చెప్పు, రాసి మాత్రం ఇయ్యకు.

కొనేటోళ్లు హైదరాబాద్, పుణె నుంచి వస్తరు. ధర నువ్వు ముందు చెప్పకు. కనీసం ఇద్దరు ముగ్గుర్ని చూడనియ్యి. ‘ఫారిన్‌ల ఎక్కువొస్తది’ అనేటోణ్ని పంపించెయ్యి. 1950కి ముందటి కార్ల ఎగుమతి మీద ఆంక్షలున్నయి. పాత రిజిస్ట్రేషన్ కాగితం లేదని మొదటి రోజే చెప్పు, వీఏ నంబర్ వస్తదని మాటియ్యకు. రాసుకునే కాగితంల ఇంజిన్ నంబర్, ఇచ్చిన సామాన్ల జాబితా, ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాట, మూడూ ఉండాలె. పైసలు బ్యాంకుల పూర్తిగ పడ్డంకనే బండి కదలాలె. ట్రాక్టర్‌కు తాడు కట్టి మద్నూర్ దాకా గుంజుకపోతమంటే ఊకోకు, ఆ కర్ర చువ్వలు ఆగవు. ఇరుసుల కింద పట్టి లేపి డీసీఎంల ఎక్కియ్యాలె.

బండి మీ తాత పేరున ఉన్న ఆస్తి. మీ మేనత్తలిద్దరి సంతకాలు ముందే తీసుకో. పెద్దత్త అలిగి ఉన్నదని మీ అమ్మ చెప్పింది. ఫోన్‌ల అడగకు, ఇంటికి పోయి అడుగు. కొనేటోడు వచ్చే రోజు చెప్తే నేను కామారెడ్డి నుంచి పొద్దున బస్సుకే వస్త.

మీ మామ