ముందు చిత్రిక పట్టడం రానివ్వండి

మొన్న ఒక తండ్రి ఇంటర్ రెండో సంవత్సరం చదివే కొడుకును వెంటబెట్టుకుని సలహా కోసం నా దగ్గరికి వచ్చారు. పిల్లాడి చేతిలో చిన్న స్టూలు. గోడౌన్ వాళ్లు పారేసిన ప్యాలెట్ చెక్కలతో తనే చేశాడట. "ఇంత చదివించింది వడ్రంగి పని చేయడానికా మేడమ్? మేనేజ్‌మెంట్ కోటాలోనైనా సరే, కంప్యూటర్ సైన్స్‌లో చేర్పిస్తాను" అన్నారాయన.

నేను స్టూలు మీద కూర్చున్నాను. కిర్రుమనలేదు. చెక్క అంచున హెచ్‌టీ అని ముద్ర కనిపిస్తే అదేమిటని అడిగాను. "పురుగు చావడానికి వేడి చేసిన చెక్క మేడమ్. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినట్టు. అవి తీసుకోను" అన్నాడు. ఎవరూ చెప్పకుండా ఇంత తెలుసుకున్న పిల్లాడిని లక్షలు పోసి ఇష్టం లేని కోర్సులోకి తోయడం చూస్తే నాకు కోపమే వస్తుంది. వడ్రంగి అన్న మాట మన ఇళ్లల్లో ఇంకా తిట్టుగానే ఉంది. వాళ్లు చేసిన మంచం మీదే కదా పడుకుంటున్నాం!

దీనికి పూర్తిగా ఎదురు ధోరణి కూడా నన్ను భయపెడుతోంది. పర్యావరణం పేరు తగిలించిన డిజైన్ కోర్సులు ప్రైవేటు కాలేజీల్లో పుట్టుకొస్తున్నాయి. అప్పు చేసి ఫీజు కట్టే ముందు వాళ్ల వర్క్‌షాప్ చూపించమనండి. నేల మీద రంపపు పొట్టు లేకుండా వరసగా కంప్యూటర్లే కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. పర్యావరణహితమైన ఫర్నిచర్ చేసే ఈ రంగంలో మెటీరియల్‌ను చేత్తో ఎరగనివాడు బొమ్మ గీసే దగ్గరే ఆగిపోతాడు. చెరకు పిప్పితో బోర్డు చేస్తారు, నిజమే. కానీ దాన్ని ఫార్మాల్డిహైడ్ జిగురుతో అతికిస్తే అది నేలలో హాయిగా కలిసిపోయే వస్తువు కాదు. 2010లో అమెరికన్ కంపెనీ ఎమెకో, కోకా-కోలాతో కలిసి తెచ్చిన 111 నేవీ చెయిర్‌లో కనీసం 111 ప్లాస్టిక్ సీసాలుంటాయి. గ్లాస్ ఫైబర్ కూడా కలిపారు. అది మట్టిలో కలవదు, ఏళ్ల తరబడి మన్నుతుంది. గుర్రపు డెక్క కాడలతో అల్లిన బుట్ట కుర్చీ కథ వేరు: అది మట్టిలో కలుస్తుంది, కానీ తడి తగిలితే బూజు పడుతుంది. ఈ తేడా తెలియకుండా రెండిటికీ పర్యావరణహితం అని ఒకే పేరు పెట్టి అమ్మితే కొన్నవాడిని మోసం చేసినట్టే.

చెత్త ఊరికే వస్తుందన్న భ్రమ కూడా వద్దు. ఆ స్టూలుకు చెక్క ఉచితమే, మేకులు పీకడానికి మాత్రం రెండు రోజులు పట్టిందన్నాడు పిల్లాడు. ఆ రెండు రోజుల కూలి ధరలో వేసుకోవడం రానివాళ్లే ఈ వ్యాపారంలో త్వరగా చేతులెత్తేస్తారు.

డిజైన్ డిగ్రీయే కావాలంటే, ఇంటర్ ఏ గ్రూపు వాళ్లయినా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) పెట్టే డాట్ పరీక్షతో అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో ఫర్నిచర్, ఇంటీరియర్ డిజైన్ చదవొచ్చు. ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్‌కు యూసీడ్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ పరీక్షల కోసం ఏడాది ఇంట్లో కూర్చోబెట్టి కోచింగ్ ఇప్పించకండి. డాట్ మెయిన్స్‌లో ఇచ్చిన సామగ్రితో అక్కడికక్కడే చేత్తో మోడల్ చేయమంటారు. బట్టీ పట్టిన స్కెచ్‌లు అక్కడ ఎందుకూ పనికిరావు.

నన్నడిగితే ముందు పని, తర్వాత డిగ్రీ. పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఏడాది వడ్రంగం చేసి డిజైన్‌కు వచ్చిన పిల్లలంటే నాకు ఎక్కువ నమ్మకం. కోనసీమ పిల్లలకు కొబ్బరి పీచు ఇంటి ముందే ఉంది. ఆ పీచుతో పని నేర్చుకోవాలంటే కాయర్ బోర్డు కేరళలోని కలవూరులో శిక్షణ ఇస్తుంది.

ఆ తండ్రితో, వేసవి రెండు నెలలూ అబ్బాయిని మంచి మేస్త్రి దగ్గర పెట్టండి, అప్పటిదాకా సీటుకు డబ్బు కట్టకండి అన్నాను. కాసేపు ఆలోచించి, "రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏం చేస్తాడని చెప్పమంటారు?" అన్నారు.

"ఫర్నిచర్ చేస్తాడని చెప్పండి."