క్షిపణి నుంచి వాహక నౌకగా..
పోటీ పరీక్షల ప్రత్యేకం: సైన్స్ అండ్ టెక్నాలజీ

అమెరికా, సోవియట్ యూనియన్ 1991 జులై 31న అణ్వాయుధాలను తగ్గించే స్టార్ట్-1 ఒప్పందంపై సంతకాలు చేశాయి. దీంతో పక్కన పెట్టాల్సి వచ్చిన ఖండాంతర క్షిపణుల్లో కొన్నింటిని వార్‌హెడ్లు తీసేసి చిన్న ఉపగ్రహాల ప్రయోగానికి వాడుకున్నారు.

నీపర్: ఆర్-36ఎం క్షిపణి (నాటో పేరు ఎస్ఎస్-18 సేటన్) దీనికి మూలం. మూడు దశలు, ద్రవ ఇంధనం, సుమారు 211 టన్నుల బరువు. భూగర్భ సైలోలో పేలుడు పొడి వాయువుల ఒత్తిడి రాకెట్‌ను పైకి నెట్టేది. అది బయటికొచ్చాక గాల్లోనే ఇంజిన్ మండేది. తొలి ప్రయోగం 1999 ఏప్రిల్ 21న బైకనూర్ నుంచి జరిగింది. 2014లో ఒకేసారి 37 ఉపగ్రహాలను మోసుకెళ్లింది.

మరికొన్ని
• రొకోట్ (రష్యా): యూఆర్-100ఎన్ క్షిపణి ఆధారం. 2002లో గ్రేస్ జంట ఉపగ్రహాలను ప్రయోగించింది.
• ష్టిల్ (రష్యా): ఆర్-29ఆర్ఎం ఆధారం. 1998 జులైలో జలాంతర్గామి నుంచి ఉపగ్రహాలను పంపింది.
• మినోటార్ (అమెరికా): మినిట్‌మ్యాన్, పీస్‌కీపర్ మోటార్లు వాడతారు. మినోటార్-5 2013లో లాడీ చంద్ర నౌకను పంపింది.

లాభం, పరిమితి: మోటార్లు సిద్ధంగా ఉండటంతో ఖర్చు తగ్గుతుంది. అయితే పాత నిల్వలు అయిపోతే ప్రయోగాలూ ఆగుతాయి. నీపర్ చివరి ప్రయోగం 2015లో జరిగింది.

గుర్తుంచుకోండి: భారత్‌లో జరిగింది దీనికి తిరగేసి. ఉపగ్రహ వాహక నౌక ఎస్ఎల్‌వీ-3 మొదటి దశ మోటారునే 1989 మే 22న పరీక్షించిన అగ్ని క్షిపణిలో వాడారు.

మాదిరి ప్రశ్న: పీస్‌కీపర్ మోటార్లను వాడే వాహక నౌక?
ఎ) రొకోట్ బి) నీపర్ సి) మినోటార్-4 డి) ష్టిల్
జవాబు: సి