పుటకు తగిన పనిముట్టు

హైదరాబాదు నగరపు తూర్పుభాగమున దిల్‌సుఖ్‌నగరు కలదు. అచ్చటి మేడలపై శిక్షణాలయముల బోర్డులు ఒకదానిపై నొకటి క్రిక్కిఱిసి యుండును. వానిలో పెక్కింటిపై సాఫ్టువేరుల పేర్లే పెద్ద యక్షరములలో కనబడును. వెబ్‌సైటుల రూపకల్పన నేర్వగోరి వచ్చిన విద్యార్థి, ఏ పేరునకు రుసుము చెల్లింపవలెనో తెలియక నిలిచిపోవును. తల్లి చీటి పాడి తెచ్చిన ధనము చేతిలో నున్నప్పుడు ఈ సందేహము చిన్నది కాదు.

మొదట బోర్డును గాక పనిని చూడవలెను. ఎల్.బి.నగరులోని యొక బట్టల దుకాణమునకు వెబ్‌సైటు కావలెననుకొనుడు. దానిని చూచువారెవరు? దిల్‌సుఖ్‌నగరులో మెట్రో రైలెక్కి, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషనులు దాటి, ఎల్.బి.నగరులో దిగులోపల సెల్‌ఫోనులో చూచువారును అందులో నుందురు. రూపకల్పన చేయువారు ఫోను తెర వెడల్పును సుమారు 360 చుక్కలుగా లెక్కింతురు. బల్లపై కంప్యూటరునకు అది 1920 వరకు నుండును. ఒకే పుట రెండింటను ఒదుగవలెను.

1990లో వెలువడిన ఫోటోషాప్ ఛాయాచిత్రములను దిద్దుటకు పుట్టినది. బహుకాలము వెబ్ పుటలను గూడ దానిలోనే గీచిరి. అయినను అది ప్రధానముగా చుక్కల చిత్రము. పెంచినచో అంచులు మసకబారును. 2016లో అందఱకు అందుబాటులోనికి వచ్చిన ఫిగ్మా గీతల లెక్కతో పనిచేయును. అది బ్రౌజరులోనే తెరచుకొనును. ఇద్దఱు మువ్వురు ఒకే పుటపై ఒక్కసారి పనిచేయవచ్చును. మాట పొడవైనచో చుట్టునున్న పెట్టె తానే పెరుగునట్లు అమర్పవచ్చును. స్కెచ్ మాక్ కంప్యూటరుపై మాత్రమే నడచును గనుక, అది లేని యింట దాని ప్రసక్తియే యక్కఱలేదు. ఇంక్‌స్కేప్, పెన్‌పాట్ అనునవి వెల లేనివి.

అడోబీ సంస్థ 2016లో ఎక్స్.డి. అను సాఫ్టువేరును తెచ్చి, 2023లో దానిని విడిగా అమ్ముట మానినది. దాని మీటలను మాత్రమే కంఠస్థము చేసినవానికి ఆ చదువు వ్యర్థమగును. అక్షరముల పరిమాణము, ఎడము, రంగుల పొందిక అభ్యసించినవాడు కొలది దినములలో మఱియొక పనిముట్టునకు అలవాటుపడును.

తెలుగు పుటకు వేఱొక పరీక్ష కలదు. ఆంగ్లపు నమూనాలతో నేర్చినవారు దీనిని మఱతురు. “స్త్రీల వస్త్రములు” అని టైపు చేసి చూడవలెను. సకారము క్రింద తకారపు ఒత్తు, దానితో రేఫము, పైన గుడిదీర్ఘము. “స్త్రీ” ఒక్క యక్షరమే మేడవంటిది! ఆంగ్లమునకు చాలు వరుసల యెడములో దీని ఒత్తులు క్రింది పంక్తి గుడులను తాకును. కొన్ని సాఫ్టువేరులలో భారతీయ లిపుల కూర్పును సెట్టింగులలో ఎన్నుకొననిచో ఒత్తులు విడిపోవుటయు కలదు. దుకాణదారు తెచ్చిన కరపత్రము అనూ స్క్రిప్టు ఫాంటులలో కూర్చినదైనచో, ఆ మాటలను వెబ్ పుటలో అతికింపగా తెలుగునకు మాఱుగా వింత గుర్తులు వచ్చును. వానిని యూనికోడులోనికి మార్పవలెను.

దుకాణపు పని చేతికి వచ్చిన విద్యార్థి ముందుగా రుసుము లేని ఫిగ్మా ఖాతాలో గాని, పెన్‌పాట్‌లో గాని 360 చుక్కల వెడల్పు గల పెట్టె గీచి, అందు ఆ రెండు మాటలను వ్రాయవలెను. ఒత్తులు చక్కగా నిలిచి, బటను వ్రేలికందునంత పెద్దదిగా కనబడినచో, శిక్షణాలయపు మెట్లెక్కుట తరువాతి మాట.