ఎర్ర దారి సైకిల్‌కు, పక్క దారి నడకకు

సింగపూర్‌లో డార్మిటరీ నుంచి సైట్‌కు, ఇంటి నుంచి మార్కెట్‌కు సైకిల్ మీద వెళ్లే మనవాళ్లు చాలామంది ఉన్నారు. నేల మీది రంగులు, బొమ్మలు తెలియకపోతే జీతం జరిమానాకు పోతుంది.

ఎర్ర రంగు వేసి సైకిల్ బొమ్మ గీసిన దారి సైకిల్‌ది. అక్కడ గంటకు 25 కి.మీ. దాటకూడదు. దాన్ని ఆనుకుని నడిచేవాళ్లకే అని గుర్తు వేసిన దారిలో తొక్కకండి, దిగి నెట్టుకుంటూ వెళ్లండి. 2025 జులై 1 నుంచి అక్కడ తొక్కితే 2,000 డాలర్ల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

పక్కన సైకిల్ దారి లేని మామూలు ఫుట్‌పాత్ మీద తొక్కవచ్చు, కానీ 10 కి.మీ. లోపే. రోడ్డెక్కితే హెల్మెట్ తప్పనిసరి. చీకట్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు వెలగాలి. ఎక్స్‌ప్రెస్‌వే మీదికి అసలు పోవద్దు.

ఇంకో ముఖ్య విషయం. కంపెనీ బండిలో డ్యూటీకి వస్తూ గాయపడితే పని ప్రమాదాల పరిహార చట్టం కింద డబ్బు అడగవచ్చు. సొంత సైకిల్ మీద వస్తూ పడితే మామూలుగా రాదు. డ్యూటీ టైంలో బాస్ పని మీద సైకిల్‌పై పంపితే మాత్రం అడగవచ్చు. ఆ మెసేజ్ ఫోన్‌లో దాచుకోండి.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఈ చట్టం వర్తించదు. వాళ్లకు యజమాని కనీసం 60,000 డాలర్ల ప్రమాద బీమా తీయాలి. తీశారో లేదో ఈ వారమే అడగండి.