బయానా ఇచ్చే ముందు

బెంగళూరు రహదారిపై షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా, విజయవాడ రహదారిపై చౌటుప్పల్ నుంచి నార్కట్‌పల్లి దాకా రోడ్డుకు ఇరువైపులా వెంచర్లే. జెద్దా, రియాద్‌లలో కష్టపడి సంపాదించినది, బిడ్డ పెళ్లికి దాచినది ఆ హద్దురాళ్ల మధ్యకు చేరుతోంది. సాయం కోసం మా సంఘం గడప తొక్కినవారిలో ఒకప్పుడు మనలాగే చందా ఇచ్చి, బయానా పోగొట్టుకున్నవారూ ఉన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మొదటిసారి ప్లాటు కొనేవారు ఏజెంటును తమ మనిషి అనుకుంటారు. కారులో తీసుకెళ్తాడు, బిర్యానీ తినిపిస్తాడు, నమాజులో మన పక్కనే నిలబడేవాడూ కావచ్చు. కానీ వెంచర్లలో అతనికి కమీషన్ సాధారణంగా అమ్మేవారే ఇస్తారు. అది తప్పు కాదు, తెలియకపోవడమే నష్టం. "మీకు కమీషన్ ఎవరిస్తారు, ఎంత?" అని మొదటి రోజే అడగాలి. మనం మొహమాటపడి వదిలేసే ప్రశ్న ఇదే.

తర్వాత రెరా నంబరు. 2016 నాటి చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన వెంచర్‌కు నమోదు లేకుండా ప్రకటన కూడా ఇవ్వరాదు. అందులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుకూ సొంత నమోదు ఉండాలి. "ప్రీ లాంచ్ ధర, రేపటికి పెరుగుతుంది" అంటే లేచి వచ్చేయడమే. అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందే ధరలో 10 శాతానికి మించి తీసుకోవడాన్నీ ఆ చట్టం ఒప్పుకోదు. ఇచ్చేది చెక్కుగా, అమ్మేవారి పేరిటే ఇవ్వాలి.

ఏజెంటు చూపే జిరాక్సులు చాలవు. సర్వే నంబరు తీసుకుని ఈసీ మనమే తీయించాలి, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించాలి. మన పల్లెల్లో సాదాబైనామాల మీద చేతులు మారిన భూములు ఎన్నో. "కబ్జాలో ఉన్నాం" అన్నంత మాత్రాన హక్కు రాదు. ఫామ్ ప్లాటని గుంటల లెక్కన అమ్మేదానికి లేఅవుట్ అనుమతి ఉందో లేదో చూడాలి.

వక్ఫ్ భూమి కొనుగోలు చెల్లదు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితా ఉంటుంది. మాకు తెలిసిన ఒక సోదరుడు బయానాకు ముందురోజు ఆ జాబితా చూస్తే, తనకు చూపిన సర్వే నంబరు అందులోనే ఉంది. ఏజెంటును అడిగితే, "అది పాత లిస్టు భాయ్, మేనేజ్ చేస్తాం" అన్నాడట. ఆయన డబ్బు ఆయన దగ్గరే మిగిలింది.