తీర గ్రామములలో మంచినీరు, వాననీరు

సముద్రపుటొడ్డున నున్న గ్రామములలో మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. ఈ మాట వినుటకు వింతగా తోచవచ్చును గాని, దీనిని గ్రహింపనిదే పంచాయతీ సభ్యులు తమ యూరి నూతులను కాపాడజాలరు.

ఇసుక దిబ్బలపై కురిసిన వాన లోనికింకి, అడుగుననున్న ఉప్పునీటిపై ఒక పొరగా నిలుచును. ఉప్పునీరు కొంచెము బరువు, మంచినీరు తేలిక. ఈ స్వల్పభేదము వలననే మంచినీటి మట్టము సముద్రమట్టమునకు 1 అడుగు ఎత్తున నున్నచో, సముద్రమట్టమునకు దిగువ సుమారు 40 అడుగుల వరకు మంచినీరే యుండును. 1888లో ఘైబెన్, 1901లో హెర్జ్‌బెర్గ్ అను శాస్త్రజ్ఞులు ఈ లెక్కను వేర్వేరుగా వెల్లడించిరి. ఇందులోనే ప్రమాదమును గలదు. పైమట్టము 1 అడుగు తగ్గి అట్లే యుండిపోయినచో, క్రిందినుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు. దిబ్బనేలలో లోతైన బోరు దింపి పెద్ద మోటారు బిగించినచోట, మొదట తియ్యగా వచ్చిన నీరు కొంతకాలమునకు ఉప్పగా మారుట ఇందుచేతనే. "ఇంకను లోతుకు దింపుడు" అను సలహా ఇట్టి నేలలో చేటు తెచ్చును.

దిబ్బల మొదట చెలమలు త్రవ్వి, కొబ్బరిచిప్పతో నీరు తోడుకొను స్త్రీలను మేము చూచియున్నాము. అది మోటుపద్ధతియని నవ్వువారు కలరు. శాస్త్రము మాత్రము ఆ స్త్రీల పక్షముననే యున్నది. లోతు తక్కువ, తోడుట నెమ్మది. ఒక్కచోట గాక పలుచోట్ల. పంచాయతీ నూతులకును ఇదే సూత్రము.

ఇక వాననీటి మాట. తుపాను వెలిసిన పిదప వీధులలో మోకాలిలోతు నీరు మూడు దినములు నిలిచినచో, "దిబ్బకు గండి కొట్టుడు, నీరు సముద్రములోనికి పోవును" అను కేక పుట్టును. ఆ సమయమున సభ్యులకు కాదనుట మిక్కిలి కష్టము. అయినను కాదనవలసినదే. నీరు బయటికి పోవు త్రోవయే ఉప్పెన లోనికి వచ్చు త్రోవ యగును. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో పదివేలకు పైగా జనులు మరణించిరి. అంతటి విపత్తు రాకున్నను, చిన్న ఉప్పెన చాలును. సముద్రజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములుండును. నూతినీటిలో అది నూటికి 2 పాళ్లు కలిసినను, క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాములను కోరదగిన పరిమితిని దాటిపోవును. ఇసుక లారీలు చేయు గండియు గండియే. తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వులు 1991 నుండియు ఇసుక దిబ్బలను చదును చేయుటను నిషేధించుచున్నవి.

మరి నిలిచిన నీటినేమి చేయవలెను? ముందుగా రెండు నీళ్లను వేరుచేయవలెను. ఇంటికప్పులపైన, దిబ్బలపైన పడిన నీరు శుభ్రమైనది. అది పోరాదు, ఇంకవలెను. దిబ్బల నడుమ పల్లములు అందులకే యున్నవి. వానిని పూడ్చి ఇండ్లస్థలములుగా పంచినచో, నూతులకు చేరవలసిన వాననీటిని పంచి వేసినట్లే. వీధులనీరు, పశువుల కొట్టముల నీరు వేరు. అది మంచినీటి చెరువుగట్టును, నూతిచప్టాను తాకక, ఉన్న మురుగుకాలువ ద్వారా ఏటిలోనికి పోవలెను. కాలువ చివర పోటునకు మూసుకొని ఆటునకు తెరచుకొను తలుపు అవసరము. తలుపు తుప్పుపట్టి బిగిసిపోయినదో లేదో అక్టోబరు రాకముందే చూడవలెను. తుపానునాడు చూచి ప్రయోజనము లేదు.

ఉప్పునీరు నూతిలో చేరినచో, ఆత్రముతో మోటారు పెట్టి పదేపదే తోడరాదు. అట్లు చేసిన క్రిందియుప్పు పైకి లేచును. చెత్తను, బురదను తీసి, మెల్లగా కొంత తోడి, మిగిలినది రాబోవు వానలకు విడువవలెను. అంతవరకు త్రాగునీరు వేరుచోటనుండి తెప్పింపవలెను. బ్లీచింగు పొడి క్రిములను చంపును గాని ఉప్పును తీయదు; కాచినను ఉప్పు పోదు. పొడి మోతాదు సాధారణముగా 1000 లీటర్లకు 2.5 గ్రాములు. 3 మీటర్ల వ్యాసము, 2 మీటర్ల నీరుగల నూతిలో సుమారు 14,000 లీటర్లుండును గనుక 35 గ్రాములు చాలును. వరదచే మలినమైన నీటికి ఎక్కువ కావలెను. ఎంతయో ఆరోగ్య సిబ్బంది పరీక్షించి చెప్పుదురు.

ప్రజల మంచినీటి ఆధారమునకు 250 మీటర్లలోపల అనుమతిలేక సేద్యమునకో, చేపల చెరువునకో బోరు వేయరాదని 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము చెప్పుచున్నది. బోరు యజమాని సభ్యునికి బంధువైనచో ఈ నియమము గుర్తుచేయుట ఇబ్బందియే. నూతిమట్టము, నీటిరుచి నెలకొకసారి వ్రాసియుంచిన పుస్తకమున్నచో ఆ యిబ్బంది కొంత తగ్గును. మాట సభ్యునిది గాక లెక్కది యగును. ఆ పుస్తకము కార్యాలయపు బీరువాలో గాక, నూతిప్రక్కన నివసించు సభ్యురాలి యొద్దనుండుట మేలని మా యభిప్రాయము.