టోక్యో కాపురం నేర్పినవి

కొత్తగా కాపురానికి వస్తున్న అమ్మాయిలు బయల్దేరే ముందు ఫోన్ చేసి, "పిన్నిగారూ, అక్కడికి ఏం తెచ్చుకోవాలి?" అని అడుగుతుంటారు. కందిపప్పూ చింతపండూ మోసుకు రావద్దని చెబుతాను. మేమున్న నిషి-కసాయిలో ఆ సరుకులమ్మే కొట్లు ఎప్పుడో వెలిశాయి. టోక్యోకి తూర్పు కొసన, ఎదోగావా వార్డులో ఉంటుందీ పేట. 2000కి అటూ ఇటూగా వచ్చిన మన కంప్యూటర్ ఇంజనీర్లు ఇక్కడే ఎక్కువగా దిగడానికి కారణాలు రెండు. తోజాయ్ లైన్ రైలెక్కితే ఎక్కడా మారకుండా బ్యాంకులూ కంపెనీలూ ఉండే ఓతెమాచిలో దిగవచ్చు. రెండో కారణం మొదటి పాఠంలోనే ఉంది.

కొట్లో దొరకనివి కొన్ని ఉన్నాయి, అవే రాస్తున్నాను. వరసకు అర్థమేమీ లేదు. గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు.

1. తాళం చేతికి రాకముందే చేతిలో డబ్బు కరుగుతుంది.

అద్దెకు దిగేటప్పుడు అడ్వాన్సు ఇవ్వడం మనకు కొత్తేమీ కాదు. ఇక్కడ దాని పక్కనే రేయికిన్ అని ఇంకోటి ఉంటుంది. ఇల్లు ఇచ్చినందుకు ఇంటాయనకు కృతజ్ఞతగా నెల అద్దో, రెండు నెలల అద్దో సమర్పించుకోవాలి. అది తిరిగి రాదు. బ్రోకరు ఫీజు వేరు. హామీదారు కావాలి, లేకపోతే హామీ ఇచ్చే కంపెనీకి డబ్బు కట్టాలి. టోక్యోలో చాలా ఇళ్లకు రెండేళ్లకోసారి ఒప్పందం తిరగరాసినప్పుడు మరో నెల అద్దె. ఇన్నిటికీ సిద్ధపడి వెళ్తే, విదేశీయులకు ఇవ్వరని బ్రోకరు నడుం వంచి, బాధ పడుతున్న ముఖంతో చెబుతాడు. మర్యాదగా చెప్పినంత మాత్రాన వివక్ష వివక్ష కాకపోదు. ఈ మాట జపనీయ స్నేహితురాళ్ల ముందు కూడా అంటాను, వాళ్లూ కాదనరు.

అందుకే యూఆర్ ఇళ్లు వెతుక్కోమంటాను. అవి ప్రభుత్వ రంగ సంస్థవి. రేయికిన్ లేదు, హామీదారు అక్కర్లేదు, బ్రోకరు లేడు, రెండేళ్ల వడ్డన లేదు. జీతం చూస్తారు, పాస్‌పోర్టు రంగు చూడరు. నిషి-కసాయి చుట్టుపక్కల అలాంటి అపార్ట్‌మెంట్లు బారులు తీరి ఉన్నాయి కాబట్టే మనవాళ్లు ఇక్కడ పోగయ్యారు.

2. చెత్తకు తిథి వార నక్షత్రాలున్నాయి.

కాలే చెత్త ఏయే రోజుల్లో, సీసాలూ డబ్బాలూ ఏ రోజు, పాత పేపర్లు ఏ రోజు అన్నది వార్డు ఆఫీసు ఇచ్చిన కాగితంలో ఉంటుంది. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ఆ రోజు ఉదయం ఎనిమిదింటిలోపు పెట్టాలి, ముందురోజు రాత్రి కాదు. కాకులు చీల్చకుండా పైన వల కప్పాలి. ప్లాస్టిక్ సీసాకి మూత వేరు, రేపరు వేరు, సీసా కడిగి నొక్కి వేరు. పాల డబ్బా కడిగి, కత్తిరించి, పరిచి ఆరబెట్టాలి. మంచం పారేయాలంటే ముందు ఫోన్ చేసి తేదీ తీసుకుని, కొట్లో స్టిక్కరు కొని అంటించి బయట పెట్టాలి. తప్పు రోజున పెట్టిన సంచి అక్కడే ఉండిపోతుంది, ఎందుకు తీసుకెళ్లలేదో రాసిన చీటీతో సహా.

మన వంటింటికి పనికొచ్చే సంగతి ఒకటి. గారెలు వేయించాక మిగిలిన నూనె సింకులో పోయకూడదు. సూపర్‌మార్కెట్లో ఒక పొడి అమ్ముతారు. పొయ్యి ఆపేసి, నూనె వేడి మీద ఉండగానే కలిపితే చల్లారేసరికి గడ్డకడుతుంది. ఆ బిళ్లను అట్లకాడతో ఎత్తి కాలే చెత్తలో వేసేయడమే.

ఇదంతా చాదస్తమని విసుక్కునే వాళ్లకు పక్క వార్డు కథ చెబుతాను. కోతో వార్డులో యుమెనోషిమా అని దీవి ఉంది. 1957 నుంచి పదేళ్లపాటు టోక్యో చెత్తంతా తెచ్చి అక్కడ పోశారు. 1965లో అక్కణ్ణించి ఈగలు దండుగా లేచి ఊరి మీద పడ్డాయి. ఊరందరి చెత్తా మేమే ఎందుకు భరించాలని కోతో జనం తిరగబడ్డారు. తమ వార్డులో చెత్త కాల్చే కర్మాగారం వద్దన్న సుగినామి వార్డు లారీలను రోడ్డు మీద ఆపేశారు. 1971లోనే గవర్నరు మినోబె దీనికి 'చెత్త యుద్ధం' అనే పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ దీవి మీద పార్కుంది, పక్కనున్న కర్మాగారంలో చెత్త కాల్చిన వేడితో నడిచే అద్దాల తోటలో అరటిచెట్లు కూడా ఉన్నాయి. అంటే ఈ శుభ్రత పుట్టుకతో వచ్చిన సుగుణమేమీ కాదు. ఈగలు ముసిరాక, కొట్లాడుకున్నాక కుదుర్చుకున్న పద్ధతి. మన పట్టణాల గురించి నిరాశ పడే వాళ్లకు ఈ మాట కొంచెం ధైర్యం.

3. అందరికీ రాసిన నోటీసు మీ గురించే.

పిల్లాడు ఇంట్లో పరుగులు తీస్తాడు. కింది ఇంటావిడ ఎప్పుడు కనిపించినా నవ్వుతూ నమస్కరిస్తుంది. వారం తిరిగేసరికి లిఫ్టు పక్కన బోర్డు మీద, "ఇరుగుపొరుగుకు వినిపించే శబ్దాల విషయంలో అందరూ శ్రద్ధ వహించగలరు" అని కాగితం వెలుస్తుంది. 'ఎవరో పాపం' అనుకుంటూ లిఫ్టెక్కకండి. ముఖం మీద చెప్పి మిమ్మల్ని చిన్నబుచ్చడం ఆవిడకు ఇష్టం లేదు, అందుకే మేనేజ్‌మెంటు కంపెనీకి చెప్పింది. మన పద్ధతిలో అయితే ఆవిడ పైకొచ్చి నాలుగు కేకలేసి, మర్నాడు కరివేపాకు అడగడానికి మళ్లీ వచ్చేది. నాకు ఇప్పటికీ కేకలే నయమనిపిస్తుంది.

రాత్రి తొమ్మిది దాటాక మిక్సీ వెయ్యకండి. కుక్కర్ ఈలలు అలవాటు లేని చెవికి ప్రమాద ఘంటికల్లా వినిపిస్తాయి. దిగిన రోజే చిన్న తువ్వాలో, మిఠాయిల డబ్బానో పట్టుకుని అటు ఇటు ఇళ్లకూ, కింది ఇంటికీ వెళ్లి పిల్లలున్నారని చెప్పి రండి. ఆ పలకరింపు ఇక్కడి ఆచారమే. టోక్యోలో తగ్గిపోతోంది కానీ చేసిన వాళ్లను గుర్తుపెట్టుకుంటారు.

4. మిక్సీ గురించి.

ఇక్కడ కరెంటు 100 వోల్టులు. మన మిక్సీ తిరుగుతున్నట్టే ఉంటుంది, మినపపప్పు మాత్రం నలగదు. వోల్టేజీ పెంచే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. ఇంకో చిత్రం: టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వీళ్లు జర్మనీ నుంచీ వాళ్లు అమెరికా నుంచీ జనరేటర్లు తెప్పించుకున్నారు. ఆ తేడా ఇప్పటికీ అలాగే ఉంది. బదిలీ మీద అటు వెళ్తే వస్తువుల వెనకాల చీటీ చదువుకోండి.

5. చేప శాకాహారమే, వాళ్ల లెక్కలో.

మాంసం వద్దంటే మాంసం తీసేస్తారు, అబద్ధమాడరు. కానీ దాషి అనే రసం చేప. ఎండబెట్టిన కత్సువో చేపను చిత్రిక పట్టి, ఆ పొరలను నీళ్లలో మరిగించి వడకట్టింది. మిసో సూపు దాంతోనే, నూడుల్స్ పులుసు దాంతోనే, ముల్లంగి ఉడికించేదీ, గుడ్డట్టులో కలిపేదీ దాంతోనే. వడకట్టేశాక అందులో చేపేముందని వాళ్లకు నిజంగానే అనిపిస్తుంది. కాబట్టి తినేవి కాకుండా తిననివి వరసగా రాసిన చీటీ జపనీస్‌లో రాయించుకుని పర్సులో పెట్టుకోండి. మాంసం, కోడి, చేప, చేప రసం, పంది కొవ్వు. బ్రెడ్డు పాకెట్టు వెనక కూడా చూడండి. నిష్ఠగా ఉండేవాళ్లకు గుళ్లలో పెట్టే షోజిన్ భోజనం ఉంది. బౌద్ధ సన్యాసుల వంట అది, రసం కూడా సముద్రపు నాచుతోనూ ఎండు పుట్టగొడుగులతోనూ తీస్తారు. బావుంటుంది. ఖరీదు మాత్రం సన్యాసులకు తగ్గట్టు ఉండదు.

6. తొట్టి నీళ్లు వదిలేయకండి.

జపనీయుల ఇంట్లో రాత్రి ఉండే అవకాశం దొరికితే మొదటి స్నానం అతిథిదే. ఒళ్లు రుద్దుకుని, సబ్బంతా పోయేలా కడుక్కోవడం తొట్టి బయట. తొట్టిలో కూర్చోవడం కేవలం వేడి కోసం. అయ్యాక అలవాటు కొద్దీ బిరడా లాగేస్తే ఇంటిల్లిపాదికీ కాచిన నీళ్లు పోయినట్టే, మీ తర్వాత అందరూ అందులోనే దిగాలి. కొన్ని ఇళ్లలో మర్నాడు ఆ నీళ్లే గొట్టంతో వాషింగ్ మెషీన్‌కి పెడతారు. మన పెద్దవాళ్లు వింటే మూడు మునకలు వేస్తారు. 'ఎంగిలి' అన్న మాటకు ఇక్కడ చోటు లేదు, దాని బదులు తర్వాత వచ్చే మనిషి అన్న ఆలోచన ఉంది. గుమ్మంలో విడిచిన చెప్పుల ముక్కులు బయటివైపు తిప్పి పెట్టడంలోనూ, చెత్త ఎత్తేవాడి కోసం సీసా కడగడంలోనూ అదే కనిపిస్తుంది. మీరు చూడని మనిషికి మీరు చేసే మర్యాద అది. ఎదురుగా ఉన్న మనిషికి మర్యాద చేయడంలో మనల్ని మించినవాళ్లు లేరు. చూడని మనిషి దగ్గరే మన సంగతి తెలుస్తుంది.

7. పర్సు దొరుకుతుంది, గొడుగు దొరకదు.

పర్సు పారేసుకుంటే ఏడవకుండా దగ్గర్లోని కోబాన్‌కి, అంటే మూల మీది చిన్న పోలీసు గదికి వెళ్లండి. దొరికిన వాళ్లు అక్కడికే తెస్తారు. దాని వెనక చట్టం కూడా ఉంది. అప్పగించినవారు విలువలో 5 నుంచి 20 శాతం వరకు బహుమానం అడగవచ్చు. మూడు నెలల్లో సొంతదారు రాకపోతే సాధారణంగా ఆ వస్తువు దొరికినవాళ్లదే. అయినా చాలామంది వద్దంటారు. కానీ కొట్టు ముందు పెట్టిన పారదర్శక ప్లాస్టిక్ గొడుగు వాన రోజున మీ కోసం ఎదురుచూస్తుందనుకోకండి. సైకిళ్లూ అంతే, తాళం వేయండి, పోలీసు రిజిస్ట్రేషన్ స్టిక్కరు వేయించండి. జపనీయులు దేవతలని రాసేవాళ్ల వ్యాసాలు చదివి వచ్చిన పిల్లలు ముందు సైకిల్ పోగొట్టుకుంటారు.

8. చదివింపులు మనకన్నా కఠినం.

మావారి ఆఫీసులో పెళ్లికి పిలిస్తే కవరులో 30,000 యెన్లు పెట్టాలి. రెండు నోట్లు పెట్టకూడదు, సమంగా విడిపోయే సంఖ్య కాబట్టి దంపతులు విడిపోతారట. అంత ఇవ్వలేని కుర్రవాళ్లు పదివేల నోటొకటీ, ఐదువేల నోట్లు రెండూ పెట్టి మూడు నోట్లు చేస్తారు. నూటికి పదహారు కలిపి నూట పదహార్లు చదివించే మనకు ఇది వింతేం కాదు. నోట్లు మాత్రం కొత్తవై ఉండాలి, బ్యాంకుకి వెళ్లి మార్చుకోవాలి. చావు ఇంట్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. కొత్త నోటు పెడితే కబురు కోసం సిద్ధంగా కూర్చున్నారని అర్థం. కొత్త నోటే ఉంటే మడత పెట్టి వేస్తారు. కవరుకు కట్టిన దారం ముడికీ అర్థముంది. పెళ్లికీ చావుకీ విప్పరాని ముడి, అవి మళ్లీ జరగకూడదు కాబట్టి. పురుడుకి విప్పగలిగే పువ్వు ముడి, ఎన్నిసార్లయినా సంతోషమే కాబట్టి.

చావుకి వెళ్లి వచ్చినప్పుడు చిన్న ఉప్పు పొట్లం ఇస్తారు, గుమ్మం దాటకముందే ఒంటి మీద చల్లుకుంటారు. బౌద్ధంలోనే కొన్ని శాఖలవాళ్లు ఇది పాటించరు. మనం తలస్నానం చేసి లోపలికి వచ్చే చోట వాళ్లు ఉప్పు చల్లుకుంటారు, అంతే. దహనమయ్యాక ఎముకలను బంధువులు పుల్లలతో ఒకరి నుంచి ఒకరు అందుకుంటారు. అందుకే భోజనాల బల్ల దగ్గర ఒకరి పుల్లల నుంచి ఇంకొకరు పుల్లలతో ముక్క అందుకోకూడదు, చనిపోయినవారికి పెట్టే అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చుతారు కాబట్టి మామూలు అన్నంలో అలా గుచ్చకూడదు. పిండం పెట్టే మనకు ఇది చప్పున అర్థమవుతుంది, అమెరికా నుంచి వచ్చినవాళ్లకు ఏళ్లు పడుతుంది.

9. భూమి కదిలితే పరిగెత్తకండి.

సాయంత్రం ఐదింటికి వీధి స్తంభాల మీది మైకుల్లో పిల్లల పాట బాణీ వస్తుంది. పిల్లలు ఇళ్లకు వెళ్లమని దాని అర్థం, నిజానికి విపత్తు హెచ్చరికల మైకులు పనిచేస్తున్నాయో లేదో రోజూ చూసుకుంటున్నారు. స్కూల్లో కుర్చీ మీద మెత్తలా ఉండేది తీసి నెత్తిన వేసుకుంటే టోపీ. 1923 నాటి మహా భూకంపం సెప్టెంబరు 1న వచ్చింది కాబట్టి ఏటా ఆ రోజుల్లో తల్లులు వెళ్లి పిల్లల్ని సంతకం పెట్టి తీసుకొచ్చే అభ్యాసం జరుపుతారు. పని ఉందని మానేయకండి.

2011 మార్చి 11, శుక్రవారం మధ్యాహ్నం 2:46. రైళ్లు ఆగిపోయాయి, ఫోన్లు కలవలేదు. మావారు ఆఫీసు నుంచి నడిచి వచ్చారు. వేలమంది పేవ్‌మెంటు మీదే వరసగా నడిచారట, సిగ్నలు పడితే ఆగుతూ. నేను అభ్యాసంలో చేసినట్టే వెళ్లి, అదే రిజిస్టరులో సంతకం పెట్టి పాపను తెచ్చుకున్నాను. తర్వాతి వారాల్లో ఫుకుషిమా అణు ప్రమాదం భయంతో మనవాళ్లు చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. వెళ్లడం తప్పని నేననను, చంటిపిల్లలున్నారు. కానీ పొరుగువాళ్లకు ఒక్కమాట చెప్పి వెళ్లినవారికీ, చెప్పకుండా వెళ్లినవారికీ తిరిగొచ్చాక పలకరింపులో తేడా కనిపించింది.

10. ఇంటికి పిలవరు. కోపం కాదు.

ఏళ్ల తరబడి స్నేహం హోటళ్లలోనే సాగుతుంది. రైల్లో మీ పక్క సీటు చివరిదాకా ఖాళీగా ఉండటమూ చూస్తారు. మొదట్లో మనసు కష్టపడుతుంది, తర్వాత సంచి పెట్టుకోవడానికి బావుంటుంది.

11. అరవడానికీ వేళ ఉంది.

రైల్లో ఫోన్ మోగితే తలలు వంచుకునే ఈ జనమే 'బాహుబలి 2'కి ఏం చేశారో చూడాల్సింది. ఆ సినిమా 2017 చివర్లో ఇక్కడ విడుదలైంది. అరవవచ్చు, వేషాలు వేసుకు రావచ్చు అని ముందే ప్రకటించి ప్రత్యేకంగా ఆటలు వేశారు. 2018లో రాజమౌళి కూడా అలాంటి ఆటకు వచ్చి చూసి వెళ్లాడు. 2022 అక్టోబరులో 'ఆర్‌ఆర్‌ఆర్' వచ్చాక ఇంకా పెరిగింది. ఇక్కడ 1998 నుంచీ రజనీకాంత్ 'ముత్తు' పేరున ఉన్న భారతీయ సినిమాల వసూళ్ల రికార్డు దాంతోనే పోయింది. మా వీధి పూలకొట్టు ఆవిడ నన్ను ఆపి 'నాటు' అన్న మాట ఎలా పలకాలని అడిగింది.

అలాంటి ఆటకు మీరూ వెళ్లండి, మన ఈలలకు అక్కడ గిరాకీ ఉంది. అయితే కథ అయిపోగానే లేవకండి. పేర్లన్నీ పడి దీపాలు వెలిగేదాకా ఎవరూ కదలరు. ఆ తర్వాత, ఇందాక గాల్లోకి ఎగరేసిన రంగుకాగితాలు ఏరుతారు. సంచులు వాళ్లే తెచ్చుకుంటారు. మీ వరసలోవి మీరు ఏరండి.